ఎదురు గోడ

"ఈ వయసులో హంగులూ ఆర్భాటాలూ ఎందుకు వదినా? ఏదో సింపుల్‌గా కానిచ్చేయండి" అంది మరదలు.

కుచ్చులక్క చేతిలో కత్తెర సగం గుడ్డలో ఆగిపోయింది. కానిచ్చేయడమట! పుచ్చిపోయిన పన్ను పీకించుకోవడం కానిచ్చేస్తారు. కరెంటు బిల్లు కట్టడం కానిచ్చేస్తారు. ఇష్టంలేని చుట్టాన్ని పలకరించి రావడం కానిచ్చేస్తారు. యాభై రెండేళ్ల మనిషికి బతుకు మొత్తంలో ఒకే ఒక్కసారి జరగబోతున్న పెళ్లిని కానిచ్చేయడమేమిటి? పోనీ ఆ మాట మరదలు ఒక్కతే అన్నదా అంటే అదీ కాదు. వారం రోజుల్లో తమ్ముడన్నాడు, పక్కింటి టీచరమ్మ అంది, కింద వాటాలో మందుల షాపాయన అన్నాడు. చివరికి కళ్లద్దాలు బాగుచేసే మనిషి కూడా అద్దాలు తుడిచి చేతికిస్తూ, "మంచిదండీ, ఏదో కానిచ్చేయండి" అన్నాడు. అందరూ ఎక్కడో కూర్చుని కూడబలుక్కున్నట్టు అదే మాట.

కుచ్చులక్క అనే పేరు ఆమెకి డెకరేషన్ షాపులో వచ్చింది. పెళ్లి వేదిక వెనకాల గోడ కనపడకుండా పై నుంచి కిందకి ఒక తెర దిగుతుంది చూశారా, మడతలు మడతలుగా? ఆ మడతలు వాటంతటవే పడవు. ఒక్కో కుచ్చునీ నాలుగు వేళ్ల వెడల్పున పట్టి, గుండుసూది గుచ్చి, పైన పట్టీకి కుట్టాలి. తెరకి రెండొందల పైచిలుకు కుచ్చులు. ఆమె టేపు ముట్టదు, వేళ్లతోనే కొలుస్తుంది, అయినా రెండొందలో కుచ్చు మొదటి కుచ్చంతే వస్తుంది. ఇరవై ఆరేళ్లుగా షాపు వెనక గదిలో, ఒకే కిటికీ కింద, ఒకే మిషను ముందు ఆమె చేసిన పని అది. కుట్టడంతో అయిపోదు, హాలుకి వెళ్లి నిచ్చెనెక్కి కట్టి రావాలి కూడా. ఊళ్లో సగం మంది పెళ్లి ఫొటోల్లో వెనకాల ఉన్నవి ఆమె కుచ్చులే. ఆమె మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు. జనం వచ్చే వేళకి నిచ్చెనా, సూదుల డబ్బా, ఆమె ముగ్గురూ వెనక గుమ్మంలోంచి వెళ్లిపోవాలని షాపు నియమం.

లైట్లాయన పరిచయమైంది ఆ వెనక గుమ్మం దగ్గరే. హాళ్లలో దీపాలు కట్టే మనిషి. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. కుట్టు కనపడక ఆమె కళ్లు చికిలిస్తుంటే, అడగకుండానే ఒక దీపం ఇటు తిప్పేవాడు. పన్నెండేళ్లలో ఆయన చేసిన సరసం అంతకు మించి లేదు. ఒకరోజు మాత్రం పక్క నిచ్చెన మీంచి వైరు చుడుతూ, "ఇన్నేళ్లూ పెళ్లిళ్లని వెనక నుంచే చూశాం. ఒక్కసారి ముందు నుంచి చూద్దామా?" అన్నాడు. అప్పుడు ఆమె నోట్లో ఏడు గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి, మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండులో గుచ్చింది. ఏడోది గుచ్చేదాకా ఆయన ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

"మంచి హాల్లో అయితేనే" అంది ఆమె.

ఆ మాట సరదాకి అన్నది కాదు. నగలు అడగలేదు, ఊరేగింపులు అడగలేదు. తన చేతులు ఇన్నేళ్లూ ఊరందరికీ అమర్చిన అందం ఒక్క పూట, ఒకే ఒక్క పూట తనకి కావాలి. అంతే ఆమె కోరిక. అదేమీ గొంతెమ్మ కోరిక కాదని ఆమె ఉద్దేశం, మనకైనా అంతే అనిపిస్తుంది. కానీ ఇంట్లోవాళ్లకి అలా అనిపించలేదు.

"రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసి వస్తే, ఇంట్లో పదిమందికి భోజనం పెడదాం అక్కా. ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు తమ్ముడు.

"నా పెళ్లికి ఎవరికిరా ఇబ్బంది?"

"అలా కాదక్కా. జనం ఏమనుకుంటారో అని."

"నీ పెళ్లికి మూడొందల మందిని పిలిచాను. నీ కూతురి పెళ్లికి నాలుగొందల మంది. జనం ఏమనుకుంటారో అని నేను అప్పుడు అడిగానా? ఏదో కానిచ్చెయ్‌రా అన్నానా?"

"అప్పటి సంగతి వేరు కదక్కా."

"ఏం వేరు?"

తమ్ముడు గడియారం చూసుకున్నాడు. నాన్న పోయేనాటికి వీడు ఎనిమిదో తరగతి. వీడి ఫీజులు, వీడి చెప్పులు, వీడి పెళ్లి అన్నీ ముందు ఇంట్లో మిషను, తర్వాత షాపు మిషను కిందనుంచి వచ్చినవే. ఆ రోజుల్లో ఆమెకి వచ్చిన రెండు సంబంధాలూ "తమ్ముడు కాస్త నిలదొక్కుకోనీ" అనే మాట దగ్గర ఆగిపోయాయి. నిలదొక్కుకున్నవాడు ఇప్పుడు జనం గురించి మాట్లాడుతున్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

సరే, ఎవరి సాయమూ వద్దనుకుంది. చేతిలో ఉన్నది ఆరు నెలల జీతమంత సొమ్ము. పెళ్లిళ్ల పనిలో తల నెరిసిన మనిషికి ఖర్చు ఎక్కడ తగ్గుతుందో వేరే చెప్పాలా? మంగళవారం పొద్దున పూట హాళ్లు ఖాళీగా ఈగలు తోలుకుంటుంటాయి. ఊళ్లోకెల్లా పెద్ద కిటికీలున్న హాలు అడిగితే మేనేజరు ఆదివారం అద్దెలో నాలుగో వంతుకే ఒప్పుకున్నాడు. అరవై మందికి మించకూడదనుకుంది. వంట ఫ్యాక్టరీ క్యాంటీను నడిపే ఆవిడ చేస్తానంది, ఆవిడ కూతురి గౌనుకి కుట్టిన కుచ్చుల బాకీ అలా తీరిందనుకోమంది. దీపాలు పెళ్లికొడుకువే. ఆయన అద్దెకిచ్చే పెట్టెల్లోంచి మంచివి ఏరి, ఒక్కో బల్బునీ చొక్కా కొసతో తుడిచి పక్కన పెట్టుకున్నాడు. ఇక మిగిలింది వేదిక, దాని వెనక తెర.

షాపు యజమానిని అందరూ డెకరేషన్ సార్ అంటారు. ఆయన గదిలోకి వెళ్లి నిలబడింది.

"సార్, ఆ లేత బంగారు రంగు తెర ఒక్క పూట కావాలి. నా పెళ్లికి."

"అయ్యో, నీకు లేదంటానా అమ్మా!" అంటూ ఆయన కాగితం మీద ఒక అంకె వేసి ఇటు తిప్పాడు. "నువ్వు కాబట్టి సగమే. బయటివాళ్లకైతే ఇది చెప్పను."

సగం అంటే ఆమె నాలుగు నెలల జీతం.

"అది కుట్టింది నేనే కదా సార్."

"కుట్టినందుకు జీతం ఇచ్చాను కదమ్మా" అన్నాడాయన, నిమ్మకు నీరెత్తినట్టు. తప్పు మాట కూడా కాదు, ఇచ్చాడు. అందుకే ఆమెకి ఇంకా ఒళ్లు మండింది. తప్పు మాటైతే తిట్టి బయటికి వచ్చేది. "అయినా ఈ వయసులో అంత తెర ఎందుకు? స్టోర్లో ఆ పాత ఊదా రంగుది పడుంది చూడు, చెక్కల మీద కప్పాం. కావాలంటే తీసుకెళ్లు, డబ్బులొద్దు. ఏదో కానిచ్చెయ్."

ఆమె ఆ పాత తెర చంకన పెట్టుకుని బయటికి నడిచింది. పధ్నాలుగేళ్ల కిందట కుట్టినది. ముందు వైపంతా దీపాల వేడికి వెలిసి బూడిద రంగుకి తిరిగింది. దారి పొడుగునా ఆమె గొణుక్కుంటూనే ఉంది. ఎదురొచ్చిన టీచరమ్మ పలకరించబోయి, ఆ మొహం చూసి తన సంచీలోకి తలదూర్చింది.

ఆ సాయంత్రం మేనకోడలు వచ్చింది, తమ్ముడి కూతురు. రెండేళ్ల కిందట దాని పెళ్లికే ఆ బంగారు రంగు తెర మొదటిసారి కట్టింది. ఇరవై రెండు రోజులు కూర్చుని, కుచ్చు లోపల కుచ్చు పెట్టి, తన చేతిలో ఉన్న పనితనమంతా దానిలో పోసింది. డెకరేషన్ సార్ తర్వాత దాన్ని ఊరంతా తిప్పి ఎంత సంపాదించాడో లెక్కే లేదు.

"ఇవ్వనన్నాడే! నీ పెళ్లికి నీ వెనకాల అంత అందంగా వెలిగిపోయిన తెర, నాకు ఒక్క పూట ఇవ్వనన్నాడు" అంది కుచ్చులక్క.

"అవునత్తా, బావుంటుంది అది. ఫొటోలు వచ్చాక చూశాను" అంది మేనకోడలు.

కుచ్చులక్క అర్థంకానట్టు చూసింది. "ఫొటోలు వచ్చాక చూడ్డమేమిటే? మూడు గంటలు దాని ముందే కూర్చున్నావు కదా?"

"దాని ముందు కూర్చుంటే అదెలా కనిపిస్తుందత్తా? అది నా వెనకుంది. నాకు ఎదురుగా ఏం కనిపించిందో తెలుసా? చేతులు కడుక్కునే కుళాయిలు. మూడు గంటలు అవే చూశాను. ఒక కుళాయి కారుతూనే ఉంది. ఒకాయన పుక్కిలించి పుక్కిలించి ఉమ్ముతూనే ఉన్నాడు. పెళ్లంటే నాకు ఇప్పటికీ ఆయనే గుర్తొస్తాడు" అని పకపకా నవ్వింది ఆ పిల్ల.

కుచ్చులక్క నవ్వలేదు. ఇరవై ఆరేళ్లు! వేల కుచ్చులు! తెర కట్టాక ఎప్పుడూ జనం కూర్చునే చోటుకి వెళ్లి, అక్కణ్ణుంచి చూసి, సరిచేసి వచ్చేది. వేదిక మీద కుర్చీలో కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరి పెళ్లని కుట్టిందో ఆ పిల్లలందరికీ ఎదురుగా పెచ్చులూడిన గోడా, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలూ, కుళాయిలూ ఉంటే, తను ఇన్నేళ్లూ వాళ్ల వీపులకి అలంకారం చేసింది. ఇంతవరకూ ఆమెకి అందరి మీదా కోపం వచ్చింది. ఇప్పుడు తన మీద వచ్చింది, అది అన్నింటికంటే ఎక్కువ రగిలింది.

మర్నాడే లైట్లాయనని వెంటబెట్టుకుని ఆ హాలుకి వెళ్లింది. వేదిక మీద రెండు కుర్చీలు వేయించి, ఆయన్ని ఒకదాంట్లో కూర్చోమని, తను రెండోదాంట్లో కూర్చుంది.

"ఏం కనిపిస్తోంది?"

ఆయన కాసేపు చూసి, "మంటలార్పే ఎర్ర డబ్బా. ఆ పక్కన పగిలిన స్విచ్‌బోర్డు" అన్నాడు.

"మనం ముందు నుంచి చూద్దామన్నారు. ఇదీ ముందు నుంచి చూడ్డమంటే."

"మరి?"

"తెర ఆ గోడకి కడదాం. మన ఎదురు గోడకి. దీపాలన్నీ అటే. వేదిక వెనక ఏమీ వద్దు."

లైట్లాయన వేలు చాచి గాల్లో కొలిచాడు. "వేదికకైతే నా దీపాలు సరిపోవు. ఆ గోడ చిన్నది, దానికైతే బాగా సరిపోతాయి" అన్నాడు. ఆయన అభ్యంతరం చెప్పకపోవడమే కాదు, జేబులోంచి పెన్సిలు తీసి అక్కడికక్కడే గోడ మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్లు ఆగి ఇలాంటి మనిషిని ఒప్పుకున్నందుకు ఆమెకి తన తెలివి మీద కాస్త నమ్మకం తిరిగొచ్చింది.

ఆ పాత తెరకి కుట్లన్నీ విప్పింది. బట్ట తిరగేస్తే వెనక వైపు ఊదా రంగు కొత్తదానిలా ఉంది, ఇన్నేళ్లూ గోడ వైపుకి తిరిగి ఉంది కాబట్టి వెలవలేదు. దాన్ని తిరగేసి మళ్లీ మొదటినుంచీ కుట్టింది. పొద్దున షాపుకి వెళ్లేముందు ఇరవై కుచ్చులు, వచ్చాక ఇరవై. పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఎదురు గోడకి కట్టేసి, దీపాలు వెలిగించి, కళ్లకి చేయి అడ్డుపెట్టి చూసుకుని, హాయిగా ఇంటికి వచ్చింది.

మంగళవారం పొద్దున కొత్త బట్టలు కట్టుకుని, అందరికంటే ముందే హాలుకి చేరింది. తలుపు తోసి లోపల అడుగుపెట్టి నిలబడిపోయింది. ఎదురు గోడ బోడిగా ఉంది. ఎర్ర డబ్బా, స్విచ్‌బోర్డు ఆమెనే చూస్తున్నాయి. తెర వేదిక మీద, వెనక గోడకి వేలాడుతోంది, దీపాలూ అక్కడికే చేరాయి. దాని పక్కన తమ్ముడు చొక్కా చేతులు మడిచి, చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తెల్లారేసరికే వచ్చి, హాలు పనివాణ్ణి పిలిచి, మార్పించాడు.

"కోప్పడకక్కా. ఎవరైనా వేదిక వదిలేసి వెనక గోడకి కడతారా? జనం నవ్వరూ? మన పరువు ఉంటుందా? ఆ కుర్చీలో కూర్చున్నాక నీకు తేడా ఏం తెలుస్తుంది చెప్పు" అన్నాడు.

కుచ్చులు సగం నలిగిపోయి ఉన్నాయి. మధ్యలో ఎవరి బూటు ముద్రో ఉంది. ఆమె చేతిసంచీలోంచి సూదుల దిండు తీసి మణికట్టుకి కట్టుకుంది. పెళ్లికూతురు పెళ్లికి సూదుల దిండు తెచ్చుకోవడమేమిటని అడక్కండి, ఇరవై ఆరేళ్లుగా అది లేకుండా ఆమె హాలు గడప తొక్కలేదు. నిచ్చెన ఈడ్చింది. తమ్ముడు వెనకే వచ్చి, "అక్కా, మాట విను. అక్కా, టైం లేదు. అక్కా, కొత్త బట్టలు!" అంటూనే ఉన్నాడు. ఆమె పైకెక్కి, ఒక్కో సూదీ పీకి పళ్ల మధ్య పెట్టుకుంటోంది. నోట్లో సూదులున్నంతసేపూ ఆమె మాట్లాడదని ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే అతను ఇంకా ధైర్యంగా మాట్లాడుతున్నాడు.

తెర మొత్తం కిందికి దిగాక, ఆమె సూదులన్నీ దిండులో గుచ్చి, నోరు తెరిచింది.

"నీ పెళ్లికి కట్టాను. నీ కూతురి పెళ్లికి కట్టాను. ఊళ్లో ముక్కూమొహం తెలియని వాళ్లకి కట్టాను. జనం చూడ్డానికే కట్టానని ఈమధ్యే తెలిసింది. ఇవాళ నేను చూడ్డానికి కట్టుకుంటున్నాను. చేతనైతే నిచ్చెన పట్టుకో. లేదా, పక్కకి తప్పుకో."

తమ్ముడు తప్పుకోలేదు. నిచ్చెనకి ఒక కాలు పొట్టి, ఎదురు గోడ దగ్గర నేల ఎగుడుదిగుడు. అక్క పైమెట్టు మీద ఊగుతుంటే చూడలేక రెండు చేతులతో పట్టుకున్నాడు. లైట్లాయన కొత్త బట్టల్లో వచ్చాడు, పరిస్థితి చూశాడు, కోటు విప్పి కుర్చీకి తగిలించి రెండో నిచ్చెన వేసుకున్నాడు. చుట్టాలు ఒక్కొక్కరే రావడం మొదలైంది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ చెరో నిచ్చెన మీద ఉండటం చూసి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మంలోనే ఆగారు.

చివరి కుచ్చుకి సూది గుచ్చి ఆమె కిందికి దిగేసరికి హాలు నిండింది. నియమం ప్రకారం నిచ్చెనా, సూదుల దిండూ వెనక గుమ్మంలోంచి వెళ్లాయి. ఆమె వెళ్లలేదు. బట్టలు దులుపుకుని, కుర్చీల మధ్యలోంచి నడిచి, వేదికెక్కింది.

రిజిస్ట్రారు హాలుకే వచ్చాడు, సంతకాలయ్యాయి. ఇద్దరూ కూర్చున్నారు. వాళ్ల వెనక సున్నం కొట్టిన వట్టి గోడ. ఫొటో తీయడానికి వచ్చినాయన రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, "వెనకాల ఏమీ లేదండీ" అన్నాడు ఇబ్బందిగా.

"ముందు మేమున్నాం కదా, తీయండి" అంది కుచ్చులక్క.

డెకరేషన్ సార్ ముందు వరుసలో కూర్చున్నాడు. అలవాటుకొద్దీ చూపు వేదిక వెనక్కి పోయింది, అక్కడ చూసేందుకేమీ దొరక్క కిందికి జారింది. అరవై మందిదీ అదే పరిస్థితి. మెచ్చుకోవడానికి తెర లేదు, వంక పెట్టడానికి పూలు లేవు. చూడ్డానికి ఆ ఇద్దరే ఉన్నారు. ఇరవై ఆరేళ్లుగా వెనక గుమ్మంలోంచి ఆమె వెళ్లిపోవడమే చూసిన జనం, గత్యంతరంలేక ఆమె మొహం చూశారు. చూసినకొద్దీ గుసగుసలు తగ్గాయి. "మొహం ఎంత కళగా ఉందో" అని టీచరమ్మ అనడం వేదిక మీదికి వినిపించింది.

ఆమె మాత్రం వాళ్లని చూడటంలేదు. వాళ్ల తలల మీదుగా ఎదురు గోడని చూస్తోంది. ఊదా రంగు పై నుంచి కిందికి, నాలుగు వేళ్లు, నాలుగు వేళ్లు, నాలుగు వేళ్లుగా దిగుతోంది. ఒక్కో మడత అంచునా ఆయన దీపం. ఎర్ర డబ్బా లేదు, స్విచ్‌బోర్డు లేదు. తన పని ఇంత బావుంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఇలా తెలిసేది కాదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎడమ నుంచి మూడో కుచ్చు కొంచెం వంకరపోయిందేమో" అన్నాడు లైట్లాయన మెల్లగా.

"మా తమ్ముడు నిచ్చెన ఊపాడు. మాట్లాడకుండా చూడండి" అంది ఆమె.

ఆయన మాట్లాడకుండా చూశాడు. అలా ఎంతసేపు కూర్చున్నారో ఇద్దరికీ తెలియదు. క్యాంటీను ఆవిడ రెండుసార్లు గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లింది. మూడోసారి మరదలు వేదికెక్కి, ఆమె చెవి దగ్గర వంగింది.

"వదినా, భోజనాలు చల్లారిపోతున్నాయి. లేవండి, ఇంక కానిచ్చేద్దాం."

కుచ్చులక్క ఎదురు గోడ మీంచి చూపు తిప్పలేదు. పక్కన రిజిస్ట్రారు ఖాళీ చేసిన కుర్చీ మీద చేత్తో తట్టింది.

"కూర్చో" అంది. "నేనింకా చూడ్డం అవలేదు."